లేవడానికి వీల్లేదు

చొక్కాల ఫ్యాక్టరీలో అక్క సూపర్‌వైజరైన కొద్ది రోజులకే అక్కాచెల్లెళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా తయారైంది.

చెల్లెలు పుట్టినప్పుడు మూత్రాశయం పొట్ట బయట తెరుచుకుని ఉంది. డాక్టర్లు దాన్ని లోపల పెట్టి మూశారు. అది సరిపడా పెరగకపోవడంతో తర్వాత పేగు ముక్క కలిపి పెద్దది చేశారు. బొడ్డు దగ్గర చిన్న రంధ్రం పెట్టారు. అందులోకి సన్నటి ట్యూబు పంపి వేళకు ఖాళీ చేసుకోవాలి. నిండినట్టు ఆమెకు తెలియదు, గడియారం చూసుకోవాల్సిందే. ఆలస్యమైతే చిట్లిపోవచ్చని డాక్టర్లు మరీ మరీ హెచ్చరించారు.

ఇదంతా అక్కకు తెలుసు. ఆ ఆపరేషన్ల కాలమంతా ఆమె పక్కింటివాళ్లు పెట్టింది తిని పెరిగింది.

ఆ రోజు ఆర్డరు తొందరలో ఉంది. అదే హాల్లో కాలర్లు కుడుతున్న చెల్లెలు సంచి తీసుకుని లేవబోయింది.

"భోజనాల బెల్లు కొట్టేదాకా ఎవరూ లేవడానికి వీల్లేదు," అంది అక్క.

"నా సంగతి నీకు తెలుసు కదక్కా!"

"ఇక్కడ అక్కేంటి? మేడమ్ అను. నిన్నొక్కదాన్ని వదిలితే అందరూ నా మీద పడతారు."

ట్యూబులున్న సంచి లాక్కుని తన బల్ల సొరుగులో పడేసింది.

చెల్లెలు పళ్లు బిగబట్టి కుట్టింది. పొట్ట రాయిలా గట్టిపడింది. ఒళ్లంతా చెమటలు పట్టాయి. గడియారం చూసి, ఇక ఆగకూడదని కుర్చీ తోసి లేచి, వెళ్లి సొరుగు లాగింది.

"చిన్నప్పట్నుంచీ ఇల్లంతా నీ ఉచ్చ చుట్టూనే తిరిగింది. ఇక్కడ కూడానా?" అక్క అరిచింది.

మిషన్లు ఆగిపోయాయి. ఇన్నాళ్లూ దాచుకున్న సంగతి హాలంతా విన్నది.

"నేనేమైనా కోరి ఇలా పుట్టానా? నీ కడుపుమంట చల్లారాలంటే నేను చావాలా?"

సంచి తీసుకుని బాత్రూంలోకి పోయింది. ట్యూబు ఒక పట్టాన లోపలికి పోలేదు. ఖాళీ అయ్యాక మొహం కడుక్కుని తిన్నగా మేనేజరు గదికి వెళ్లింది.

"మా అక్క మీద కాదు సార్, మీ సూపర్‌వైజర్ మీద చెప్పడానికొచ్చాను."

మర్నాడే అక్కను మళ్లీ కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టారు.

"తోడబుట్టినదాని పొట్ట కొట్టావు కదే!" అంది ఇంట్లో అమ్మ చెల్లెలితో.

"అది నా పొట్ట చీల్చబోయింది. దాన్ని అడగవేం?"

ఇద్దరికీ మాటల్లేవు. వేళకు లేచి వెళ్లేటప్పుడు చెల్లెలు అక్క మిషన్ పక్కగానే పోవాలి. అక్క తలెత్తదు. కాలు మాత్రం దారికి అడ్డంగా చాపుతుంది. చెల్లెలు దాన్ని దాటుకుని వెళ్తుంది.