పులివెందుల దారి తెలిసిన కాడి

ఈ సంగతి నాకు మొదట చెప్పింది వడ్రంగి యల్లయ్య పెండ్లాం గురవమ్మ. విమానం లేచేది కండ్లారా చూసిన మనిషి. తర్వాత చెప్పినోళ్లంతా ఆమె నోట విని, సగం తప్పు చేసినోళ్లే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు. జమ్మలమడుగులో పద్మనాభయ్య పంతులు పొద్దున్నే సంధ్య వార్చుకుని, కాఫీ తాగి, పెరట్లోని విమానం దగ్గరికి పోయేవాడు. ఇద్దరు కూర్చునే చెక్క విమానం. ఫ్రాన్సు నుంచి ముక్కలుగా, పెట్టెల్లో, ఎర్రగుంట్ల స్టేషనుకు వచ్చింది. పంతులు పుస్తకం చదివి చెప్తే యల్లయ్య బిగించినాడు. రెక్కలకు పొద్దుటూరు నేతగుడ్డ కప్పి, చింతగింజల గంజి పూసి ఎండబెట్టినారు. స్టేషను నుంచి తెచ్చేటప్పుడు రెక్కలోని నడిమి దూలం విరిగింటే, యల్లయ్య తన పాత ఎద్దులబండి కాడిని చెక్కి ఆడ పెట్టినాడు. పుస్తకంలో అట్లా లేదని పంతులు నెల రోజులు అతనితో మాట్లాడలేదు.

ఇంజను మోగేది, చక్రం మాత్రం కదిలేది కాదు. పంతులు దాన్ని ఎప్పుడూ పొద్దుటూరు దిక్కుకే నిలిపేవాడు, ఆ ఊరి బంధువులకు చూపించుకోవాలని.

ఆ శ్రావణంలో ఆయన కూతురు వైదేహికి పులివెందులలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఫలానా రోజు సాయంత్రం అయిదులోపల చేరకపోతే వేరేవాళ్లకు ఇస్తామని ఆర్డరులో ఉంది. తీరా ఆ రోజే పెన్నేరు గట్లు ఒరుసుకొని పారింది. బస్సులు నిలిచిపోయినాయి. వైదేహి ట్రంకుపెట్టె మీద కూర్చుని ఆర్డరును మడుస్తూ విప్పుతూ ఉంది.

మధ్యాన్నం మొగునికి కూడు తెచ్చిన గురవమ్మ అంతా చూసి గంప దించింది.

"ఏంది సామీ, ఇరవై ఏండ్లు పులివెందుల సంతకు పోయిన కాడి అది. పొద్దుటూరు దిక్కు నిలబెడితే యాడ కదులుతాది? ఈ పక్కకు తిప్పండి."

తిప్పినారు. పంతులు ఎక్కబోయినాడు గానీ, కాడికి తెలిసింది యల్లయ్య గొంతు. ఒక సీట్లో యల్లయ్య, ఒక సీట్లో వైదేహి. యల్లయ్య నాలిక తట్టి, హై అన్నాడు. విమానం తాటిచెట్టంత ఎత్తు లేచి, బండిబాట మీదుగానే పోయి, పెన్నేరు దాటింది.

ముద్దనూరు దగ్గర నీళ్లతొట్టి కాడ దిగి నిలబడింది. అదిలించినా కదల్లేదు.

"యల్లయ్య మామా, మూడున్నర అయితాంది."

"ఈడ నీళ్లు తాగే అలవాటమ్మా. తాగనీ."

వైదేహికి ఏడుపూ నవ్వూ ఒకటేసారి వచ్చినాయి. దిగి, బకెట్టు ముంచి ముందర పెట్టింది. బకెట్టు అడుగంటినాక విమానం లేచింది. అయిదుకు పది నిమిషాలుండగా బడి ముందర దించింది. తిరుగుదారిలో ఖాళీ సీట్లో చెనిక్కాయల మూట పెట్టేదాకా కదల్లేదంట, సంత అలవాటు.

వైదేహి ఆ బడిలో ముప్పై ఒక్క ఏండ్లు చదువు చెప్పింది. అయితే బడి రిజిస్టరులో, ఆ పొద్దు ఎట్లా వచ్చిందో రాసే గడిలో గుమాస్తా బస్సని రాసినాడు. విమానమని రాస్తే పైవాళ్లు అడుగుతారన్నాడు.

ఆ రోజు పెన్నేరు దాటిన బస్సు లేదు. ఇప్పుడు ఆ బడి హెడ్మాస్టరు ఎవరైనా సరే, ఆ మాట కొట్టేసి, యల్లయ్య కాడి అని రాయండి. సిరా లేదంటే నేను పంపిస్తా.