పెద్దదాని ఆకలి

తలుపు తోసేసరికి నా తొమ్మిదేళ్ల కూతురు లిఖిత బియ్యం డబ్బా ముందు చతికిలబడి, పచ్చి బియ్యం గుప్పిళ్లతో నోట్లో కుక్కుకుంటోంది. అరగంట క్రితమే రెండు పళ్లేల అన్నం తిన్న పిల్ల. నన్ను చూసి ఉలిక్కిపడలేదు, ఏడవలేదు. నా కళ్లలోకి చూస్తూనే ఇంకో గుప్పెడు తీసింది.

"ఉమ్మేయ్" అని దవడలు పట్టుకున్నాను. మింగేసింది.

మా అత్త కన్నమ్మ వాకిట్లోంచే తీర్పు చెప్పేసింది. "పొద్దల్లా పలాసలో జీడిపప్పు ఒలుసుకుంటా కూకుంటే గుంటల్ని ఎవలు సూత్తారే వసంతా? తల్లి ఇంటిపట్టునుంటే పిల్లకి ఈ రోగమొత్తాదా?"

మా ఆయన తారకేశ్వరరావు ఆటో తుడుచుకుంటూ, "కూతురికి తిండెట్టడం కూడా తెలీదేటే నీకు?" అన్నాడు. నాలుగింటికి లేచి వండి, మంచినీళ్ల క్యాన్లు మోసి, బస్సుకు పరిగెత్తి, సాయంత్రం వరకు పప్పు మీద పొట్టు తీసి, మళ్లీ వచ్చి ఆ నలుగురికీ వండి వడ్డించేది నేనే. అయినా తిండి పెట్టడం తెలియనిది కూడా నేనే. జీడి సొన తగిలి నల్లబడిన వేళ్లతోనే ఇద్దరు కూతుళ్లకూ ముద్దలు కలిపాను. చిన్నది అక్షయ నాలుగు ముద్దలకే లేచి ఆడుకోవడానికి పోతుంది. పెద్దది పళ్లెం నాకి, చెల్లెలు వదిలింది తిని, ఆపైన వంటింట్లో వెతుకుతుంది. ఒకే కడుపు, ఒకే కుండ, ఒకే చెయ్యి. ఒకదానికి ఆకలి తీరుతుంది, ఒకదానికి తీరదు, ఎందుకని? ఫ్యాక్టరీలో పప్పు చేతిలో పట్టుకుని ఇదే ఆలోచిస్తూ ఉండిపోతే సూపర్‌వైజరు వచ్చి, "ఇంటి గోల ఇంటికాడ ఎట్టి రామ్మా" అనేవాడు.

మర్నాడు అత్త బియ్యం డబ్బాకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. "ఇలాగ ఒళ్లూరిపోతే రేపు దీన్నెవడు సేసుకుంటాడు?" అంది, పిల్ల వింటుండగానే. తాళం పడ్డాక ఆకలి ఇంకా పెరిగింది. పొరుగింటి కోళ్లకు వేసిన నూకలు తింది. వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, మళ్లీ తింది. నేను పనికి వెళ్లడానికి చీర మార్చుకుంటుంటే చాలు, గుమ్మంలో నిలబడి "వచ్చేత్తావా అమ్మా?" అని అడిగేది. అడుగుతూ దేన్నో ఒకదాన్ని నమిలేది.

ఒకరోజు పొద్దున్నే పిల్ల మొహం ఉబ్బి కనిపించింది. మా ఉద్దానంలో పొద్దుటి పూట మొహం ఉబ్బితే ఎవరూ తిండి గురించి ఆలోచించరు, కిడ్నీల గురించే ఆలోచిస్తారు. మా మావగారికీ అలాగే ఉబ్బింది. పక్క వీధిలో ముగ్గురికి ఉబ్బింది. ఆ నలుగురూ ఇప్పుడు లేరు. కిడ్నీ జబ్బు అన్న మాట బయటికి పొక్కితే ఆ ఇంటితో సంబంధం కలుపుకోవడానికి ఎవరూ రారు. అందుకే పరీక్ష చేయించుకునేవాళ్లు పక్క ఊరు కాదని దూరంగా పోతారు. నేనూ అదే చేశాను. బట్టలు కొనాలని అబద్ధం చెప్పి, పనికి నాగా పెట్టి, పిల్లతో టెక్కలి బస్సెక్కాను. ఇంట్లోవాళ్లకు తెలియకుండా తీసుకెళ్తున్నాననుకున్నాను. ఆ ఇంట్లో తెలియనిది నాకొక్కదానికే అని అప్పటికి తెలియదు.

బజారు సందులో చిన్న రక్తపరీక్షల సెంటరు. సూది పట్టుకున్న ఇవాంజెలిన్ అనే ఆవిడ లిఖితను చూడగానే నవ్వేసింది.

"మళ్లీ వచ్చీసినావా బంగారం? నాన్న రానేదా ఈపాలి?"

నా చేతిలో ఉన్న పిల్ల చెయ్యి బిగుసుకుంది. రెండో చెయ్యి గౌను జేబులోకి పోయి చేగోడీ తీసి నోట్లో పెట్టుకుంది.

"ఈ పిల్ల మీకెలా తెలుసండీ?" అన్నాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "మీరు... వాళ్లమ్మేనా? మీకు తెలీదా?" అంతకుమించి చెప్పకూడదట. రెండు గంటల తర్వాత కాగితం ఇస్తూ మాత్రం నన్ను పక్కకు పిలిచింది. "పాప కిడ్నీలు శుభ్రంగున్నాయమ్మా. అది నీరు కాదు, తిండికి పెరిగిన ఒళ్లు. మా ఇంట్లోనూ ఇద్దరాడపిల్లలు. భయమేస్తే ఒకర్తికి ముద్ద దిగదు. ఒకర్తి తింటానే ఉంటాది. ఈ పాప ఆ బల్ల మీద కూకున్నంతసేపూ తింటానే ఉండేది. దేనికి భయపడతందో కనుక్కో."

బస్సు టెక్కలి దాటాక లిఖిత మొదటిసారి నోరు విప్పింది.

"అమ్మా, ఇప్పుడు నువ్వు ఎల్లిపోతావా?"

"ఎక్కడికే?"

కిటికీలోంచి చూస్తూ నమలడం మొదలుపెట్టింది. జేబు ఖాళీ అయిపోయింది. ఏమీ లేని నోటినే నమిలింది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. తారకేశ్వరరావు జీడితోట నీడలో ఆటో ఆపి వెనక సీటులో పడుకున్నాడు. అత్త గట్టు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీలుస్తోంది. పిల్లలిద్దరినీ పొరుగింట్లో ఉంచి వచ్చాను. పిల్లను వెంటబెట్టుకుని రక్తపరీక్షలకు తిరుగుతున్నది ఆయనే. జబ్బు ఉందా అని అడిగితే లేదంటాడు. అందుకని కిడ్నీ ఎంత పాడయిందో రక్తపరీక్షలో చెప్పే అంకె అడిగాను.

"నీ క్రియాటినిన్ ఎంత?" అన్నాను.

లేచి కూర్చున్నాడు. నా వైపు కాదు, తల్లి వైపు చూశాడు. అత్త చేతిలో కత్తి ఆగింది, తల దించుకుంది. పెళ్లయిన పదకొండేళ్లలో ఆవిడ నా ముందు మాటలేకుండా ఉండడం అదే మొదలు.

ఆవిడ బొడ్లోంచి తాళంచెవి నేనే లాగి, లోపలికి వెళ్లి డబ్బా తాళం తీసి, తాళం బావిలో పడేసి వచ్చాను.

"రోగం సంగతి తర్వాత సెబుదువు గాని. సంపాదించేదాన్ని, వండేదాన్ని, నాకెందుకు సెప్పలేదో అదీ తర్వాతే. ముందు నా కూతుర్ని ఏటి సేసినావో సెప్పు. అబద్ధమాడినావంటే ఇద్దరు పిల్లల్తో ఇప్పుడే బస్సెక్కేత్తాను."

నేల చూస్తూ మొదలుపెట్టాడు.

"రోగం తెలిసి ఎనిమిది నెల్లయిందే. పరీక్షకెల్లే దారిలో కళ్లు తిరుగుతన్నాయని దాన్ని తోడు ఒట్టుకెల్లినాను. పిల్లని తిప్పుకొత్తానంటే నువ్వు అడగవు కదా. మొదటిపాలి సూది సూసి గుంట ఏడ్సింది. అమ్మకి సెప్పేత్తానంది. సెప్తే అమ్మ మనల్నొదిలి ఎల్లిపోద్ది అన్నాను. ఇంకా ఏడ్సింది. బజ్జీల పొట్లం సేతిలో ఎట్టినాను, ఊరుకుంది. అప్పట్నించి అది అడగబోయినప్పుడల్లా ఏదో ఒకటి కొని ఎట్టేసినాను. మొన్న డాక్టరు, కిడ్నీ మార్సాల, ఇంట్లో ఎవలిత్తారు అనడిగినాడు. నిన్నడక్కుండానే నీ పేరు రాయించీసినాను వసంతా. పిల్ల పక్కనే ఉంది. అమ్మ కడుపు కోసేత్తారా నాన్నా అంది. దానికీ ఓ పొట్లం కొనెట్టినాను."