పదకొండు శాతం

మధ్యాహ్నం మూడయింది. రెంటచింతల పొలాల మీద ఎండ మనిషిని నిలబడనివ్వడం లేదు. మిరపచేలో పద్దెనిమిది మంది ఆడవాళ్లు వంగి కాయలు కోస్తున్నారు. రోజూ ముఠాపెద్ద మరియమ్మ ఫోన్లో క్రీస్తు పాటలు మోగుతుంటే చేతులు వాటంతటవే ఆడేవి. ఇవాళ పాటలు లేవు. బ్యాటరీ పదకొండు శాతానికి వచ్చింది.

పొలం కౌలుకు తీసుకున్న కంపెనీ పెట్టిన పద్ధతి ఇది. పొద్దున ఒకసారి, సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చాక ఒకసారి మరియమ్మ ఫోన్లోని హాజరు యాప్‌లో ఒక్కొక్కరి ముఖం పడాలి. రెండూ పడితేనే నాలుగు వందల కూలి. ఒకటి తప్పినా ఆ మనిషి ఆ రోజు పనికి రానట్టే.

“మూడు కెమేరాలు పెట్టినోడికి సాయంత్రందాకా బతికే బ్యాటరీ పెట్టటం రాలేదా ఏందే?” అంది కాంతమ్మ. ముఠాలో అందరికన్నా పెద్దది, అరవై దాటాయి.

పాలిటెక్నిక్ చదివి కూలికొస్తున్న జెస్సీ నడుము నిమురుకుంది. “కెమేరా, లోపలి చిప్పు ఏడాదికేడాది చిన్నయి అవుతానే ఎక్కువ పని చేస్తాయి పెద్దమ్మా. బ్యాటరీ అట్టా కాదు. దాంట్లో ఉండేది మందు. ఎంత మందు పడితే అంతే కరెంటు. ఇంకా కూరితే ఉబ్బుద్ది, అంటుకుంటది. ఇంతకన్నా మంచి మందు కోసం ఏళ్ల నుంచి ఎతుకుతానే ఉన్నారు. దొరికిన కాస్తా కొత్త యాప్ ఒకటొచ్చి తినేస్తది. దానికితోడు ఈ ఎండ.”

“ఓసి దాని బతుకు! పని పెంచి తిండి పెంచలేదన్నమాట. మన ముఠాలో చేర్చుకోండే దాన్ని కూడా.”

సాళ్ల మధ్య నవ్వులు లేచి, అంతలోనే అణిగిపోయాయి.

ఐదున్నరకు సూపర్‌వైజర్ విజయ్ కుమార్ బండి దిగాడు. అప్పటికి బ్యాటరీ నాలుగు. “పసిబిడ్డలున్నోళ్లు ముందు నిలబడండే” అని కాంతమ్మ అందరినీ తోసి, తాను చివరికి పోయింది. పదిహేడు ముఖాలు పడ్డాయి. ఆమె తలగుడ్డ తీసేసరికి ఫోను నల్లబడింది.

“మీ ఫోన్లో తియ్యండి సారూ, దణ్ణం పెడతా” అంది మరియమ్మ.

“పొద్దున పడ్డ ఫోన్లోనే పడాలమ్మా. ఆరింటికి యాప్ మూసుకుంటది. ఊళ్లోకి పోయి చార్జింగు పెట్టే టైము కూడా లేదు.”

“మీ కళ్లెదురుగా ఉందిగదయ్యా మనిషి!”

“నాకు కనపడితే ఏం లాభం? యాప్‌కి కనపడాల. దాని లెక్కలో ఈమె ఇయ్యాల రాలేదు.”

కాంతమ్మ తాను నింపిన గోతం దగ్గరకు నడిచి, మూతి విప్పి, పక్కకు నెట్టింది. కాయలు జలజలా దుమ్ములోకి జారాయి.

“ఏందమ్మా నువ్వు చేసేది?”

“నేను రాలేదుగా నాయనా. రాని మనిషి కోసిన కాయలు మీకెందుకు?”

విజయ్ కుమార్ మరియమ్మ వైపు తిరిగాడు. “ఎత్తించు! లేకపోతే రేపట్నుంచి ఇంకో ముఠాను పిలుస్తా.”

మరియమ్మ సగం వంగింది. వెనక ఎవరూ కదల్లేదు. కాయలకు జానెడు దూరంలో ఆమె చెయ్యి ఆగిపోయింది.