నలభై ఒకటో రకం

తొంభై ఒకటి శాతం, మీ దగ్గర దాచేదేముంది, తన థీసిస్ లెక్కలో ఆ అంకె చూసి తనూజా పాటీదార్ వారం కిందట హాస్టల్ గదిలో గంతేసింది, ఇప్పుడేమో సెమినార్ హాల్లో అదే అంకె గోడ మీద వెలుగుతుంటే దాని మీద చెప్పు విసరాలనుంది, పక్కన అటుకుల పోహా ప్లేటు చల్లారిపోతోంది, పైన చల్లిన సేవ్ మెత్తబడిపోయింది, గైడ్ పర్మార్ సర్ మాత్రం పెళ్లికొడుకు తండ్రిలా నవ్వుతూ, చూశారా, గింజ దిగుబడికి ఇంత అనువంశికత మన పంటల పరిశోధన స్టేషన్లో ఎప్పుడూ రాలేదు, అంటే రకాల మధ్య తేడా నేలదీ కాదు వానదీ కాదు, పుట్టుకతో వచ్చిందే, అంటున్నారు, పుట్టుకతోనా, నీ ఫొటోల పిచ్చితో వచ్చింది సర్, అని పంటి కింద నలిపేసింది తనూజ.

అక్టోబరు మొదట్లో, అరవై రకాల సోయాలో నలభై ఒకటోది అందరికన్నా ముందు, ఎనభై అయిదు రోజులకే పండింది, పొలం పనులు చేసే గేందాబాయి గట్టు మీద నిలబడి, బిడ్డా, కోసేద్దాం, మధ్యాహ్నమైతే టపటపా పగులుతున్నాయి, అంది, పై నుంచి బృందం వస్తోంది, నిలబడ్డ పంట చూపించి ఫొటోలు దిగాలి, ఒక్క మడీ ముట్టొద్దు, అని సర్ ఫోను, ఇవాళొస్తారు రేపొస్తారు అంటూ పద్నాలుగు రోజులు, ఆ ఎండలో కాయలు మెలితిరిగి గింజలు నల్లరేగడి పగుళ్లలోకి దూరిపోయాయి, వచ్చే పెద్దమనిషికి డొప్పలు చూపిస్తారా బిడ్డా, ఆయనేమైనా మేకా, అంది గేందాబాయి, అప్పుడు నవ్వొచ్చింది, ఇప్పుడు కడుపు మండుతోంది, బృందం పావుగంట ఉండి పోయాక అరవై రకాలూ ఒకే రోజు కోశారు, ఆలస్యంగా పండేవాటికి అది సరైన రోజు, నలభై ఒకటికి అది దినం.

మూడు మడుల్లో వేశారు దాన్ని, మూడింట్లోనూ ఒకేలా రాలింది, అందుకే లెక్క అంత ముద్దుగా కుదిరింది, ఒకే తప్పు మూడుసార్లు పొల్లుపోకుండా చేస్తే కంప్యూటర్ దాన్ని జన్యువుల ఖాతాలో వేసేస్తుంది, దానికేం తెలుసు పాపం, మొక్కకి అరవై రెండు కాయలు, అన్నిటికన్నా ఎక్కువ, గింజ బరువులో మాత్రం ఆఖరు, ఇదేమిటని ఒక్కరైనా అడగరా, అడిగారు, వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు, పొల్లు కాయలండీ, అనేశారు సర్, నాలుకకి తడబాటు కూడా లేదు, ఇది తీసేద్దాం, వచ్చే ఏడు పరీక్షకి అక్కర్లేదు, అంటూ ఎర్ర పెన్ను తీశారు, అది కొట్టేస్తే ఆ విత్తనం చల్లగదిలో పొట్లంలో పడుంటుంది, ఎవరూ మళ్లీ చల్లరు, నిరుడు ఆగస్టు ఆఖర్లో వాన మొహం చాటేస్తే ఆష్టా దగ్గరి తన ఊళ్లో నాన్న పొలంలో నూరు రోజుల పంట గింజ పట్టక ముందే ఎండింది, ఎనభై అయిదు రోజులదైతే గట్టెక్కేది, ఆ సంగతి ఈ పెన్నుకి ఎవరు చెప్తారు.

చెప్పు, నువ్వే చెప్పు, అని తనని తనే నిలదీసుకుంది, కోత ఆయన ఆపమన్నాడు, సరే, కానీ పండిన తేదీ ఒక గడిలో, కోసిన తేదీ ఇంకో గడిలో రాసే పొలం పుస్తకం ఎవరి చేతిలో ఉంది, తేడా కనిపిస్తే సర్ కసురుకుంటారని రెండో గడి ఖాళీగా వదిలింది ఎవరు, ఆయన ఒక్క గీత కూడా దిద్దమనలేదు, తనే, తన చేత్తోనే, ఇన్నాళ్లూ పర్మార్ సర్‌ని తిట్టిన తిట్లలో సగం ఇంటికి తిరిగొచ్చి తలుపు తట్టినట్టయింది, లేచి నిలబడింది.

సర్, నలభై ఒకటిని పండిన పద్నాలుగు రోజులకి కోశాం, ఆ తేదీ నేను రాయలేదు.

కూర్చో తనూజా, ఈ తొంభై ఒకటి తప్పని తేలితే మళ్లీ పంట వేయాలి, నీ థీసిస్ ఇంకో ఏడాది పోతుంది తెలుసా, అన్నారు సర్ మెల్లగా, తెలుసు, పోతే పోయింది, ఖాళీ గడి కూడా అబద్ధమేనని ఇరవై ఆరేళ్లకి తెలిసింది, కూర్చోలేదు.

మీరూ ఎక్కడో ఏదో గడి ఖాళీగా వదిలే ఉంటారు, ఎవరికి భయపడి వదిలారో, చివరికి నింపారో లేదో, కాస్త రాయండి.