కట్టేనాడే కలిసిన ఉప్పు

జమ్మలమడుగు దగ్గర ఒక మిషన్ బడిలో స్లాబు పెచ్చు ఊడి పిల్లల బెంచీ మీద పడింది. భోజనం వేళ కాబట్టి ఎవరికీ తగల్లేదు. భవనం ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుందో లెక్కకట్టమని, పులివెందులలో సివిల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పే కీర్తనను పిలిచారు. ఇరవై రెండేళ్ల కిందట ఆ బడి కట్టిన మేస్త్రి ఆమె తండ్రి రూబెన్.

కీర్తన స్తంభాలకు రంధ్రాలు వేయించి, ఒక్కో లోతు నుంచి పొడి తీసి పరీక్షకు పంపింది. కడ్డీలకు తుప్పు పట్టించే ఉప్పు బయటి నుంచి చేరితే పైన ఎక్కువ, లోపల తక్కువ ఉండాలి. అంతటా ఒకేలా ఉంది. అంటే కట్టేనాడే కలిసింది.

ప్రొద్దుటూరులో తండ్రి ఇంటికి వెళ్లి అడిగింది.

"నాయనా, బడి కాంక్రీటుకు ఏ నీళ్లు పోసినారు?"

రూబెన్ తల ఎత్తలేదు. "ఆ ఏడు శానా కరువు మా. ఊరి బోరొక్కటే ఆడింది. నోట్లో పోసుకుంటే ఉప్పు. తెలిసే పోసినా. జూన్‌కు బడి తెరవల్లంటిరి, మంచి నీళ్లు యాడ తెద్దును?" మళ్లీ తనే, "ఎన్నేళ్లుంటాది?" అన్నాడు.

"కడ్డీలు సగం తుప్పు తినేసింది. రెండేళ్లు. పిల్లోల్లను రేపే ఖాళీ చేయించాల."

అప్పుడు చెప్పాడు, అదే ఏడు అవే నీళ్లతో ఆ ఊళ్లో తొమ్మిది ఇళ్లకు స్లాబు వేశానని.

బడికి తాళం పడింది. తండ్రీకూతుళ్లు ఆ తొమ్మిది ఇళ్లకూ వెళ్లారు. మెహబూబున్నీసా ఇంట్లో దూలం పొడవునా చీలిక, ఎర్రటి మరక. పరీక్ష చేసి, ఇక్కడా రెండేళ్లేనని, ఖాళీ చేయమని కీర్తన చెప్పింది.

"రెండేండ్లు ఉంటాది గదా మామా, చూద్దాంలే. ఇది ఇడిసి యాడికి పోదును?" అంది మెహబూబున్నీసా రూబెన్‌తో.

ఒక్క ఇల్లూ ఖాళీ కాలేదు. రూబెన్ పని మానేసి, రోజూ బస్సెక్కి ఆ ఊరికి పోయి గడప గడపకూ చెప్పాడు. కొన్నాళ్లకు అతను కనిపిస్తే తలుపులు వేసుకున్నారు.

ఆగస్టు వానల్లో మెహబూబున్నీసా వంటింటి కప్పు కూలింది. ఆమె పొయ్యి దగ్గరే ఉంది. కీర్తన చేరేసరికి రూబెన్ పెళ్లలు ఎత్తుతున్నాడు, చేతుల నిండా నెత్తురు. తుప్పును త్వరపెట్టే వంటింటి ఆవిరిని, ఆ తేమను, కీర్తన తన లెక్కలో తక్కువ చేసి చూసింది. ఆ మాట తండ్రికి చెప్పబోయింది. అతను వినలేదు.

మెహబూబున్నీసాను మట్టిచేసి వచ్చాక, మిగతా ఎనిమిది ఇళ్లవాళ్లూ మళ్లీ ఆ కప్పుల కిందికే వెళ్లారు.