పేషెంటు కుర్చీ

పేషెంటు కుర్చీలో కూర్చోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే పెద్దకోడలే లేచి వెళ్లి కూర్చుంది.

ఆస్పత్రి వెనక గదిలో ఆడవాళ్లకు ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ నడుస్తోంది. రేపు వీళ్లే డాక్టరు మొహం ఎరగని సందుల్లో ఇంటింటికీ తిరిగి రోగాలు కనిపెట్టాలి. ఆ రోజు పాఠం రొమ్ములో గడ్డలు. ఒకరు పేషెంటు, మిగతావాళ్లు వంతులవారీగా కార్యకర్తలు.

"ఏం చెప్పాలో నువ్వే అల్లుకో అమ్మా," అంది పాఠం చెప్పే నర్సమ్మ.

అల్లుకోవలసిన అవసరం పెద్దకోడలికి లేదు. గడ్డ నిజంగానే ఉంది. స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. మొగుడితో అంటే ఇల్లు పీకి పందిరి వేస్తాడు. నర్సమ్మతో అందామంటే మాట గొంతు దాటి రావడం లేదు. ఈ కుర్చీలో కూర్చుని ఉన్నదున్నట్టు చెబితే ఇంతమందిలో ఒక్కరైనా పసిగట్టరా, నిజమేనా అని అడిగితే ఒప్పేసుకోనా అని ఆమె ఆశ.

మొదట క్లాసు ఫస్టు వచ్చింది. అందరూ ఆ అమ్మాయిని అలాగే పిలుస్తారు.

"ఇక్కడ గడ్డలా తగులుతోందమ్మా. భయంగా ఉంది," అంది పెద్దకోడలు.

"భయపడకండి. నీళ్లు కాచి తాగండి. చేతులు సబ్బుతో కడుక్కోండి."

అది నిన్నటి విరేచనాల పాఠం. నర్సమ్మ తల పట్టుకుంది.

తరవాత టైలరమ్మ. ఇంట్లో ఎంతమంది, నీళ్లు ఎక్కడివి, దోమలున్నాయా అని ఏకరువు పెట్టింది. గడ్డ సంగతి పట్టించుకున్న నాథుడు లేడు. మూడో ఆవిడకి రొమ్ము అన్న మాట నోట్లోంచి రాకముందే నవ్వొచ్చింది. ఆవిణ్ని చూసి గదంతా నవ్వింది.

పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది. వీళ్లా రేపు ఊరిని ఉద్ధరించేది? వీళ్లకంటే గోడకి చెప్పుకోవడం నయం.

"నొప్పి లేదు. నొప్పి లేని గడ్డే మంచిది కాదట, అదే ఎక్కువ భయం. నిద్ర పట్టడం లేదు," అంది గట్టిగా. అనేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నర్సమ్మ చప్పట్లు కొట్టింది. "చూశారా, పేషెంటంటే అలా ఉండాలి!"

అందరూ కొట్టారు. ఆ చేతులన్నీ పట్టుకుని విరిచేయాలనిపించింది పెద్దకోడలికి.

ఆఖర్న చిన్నకోడలు, ఆమె సొంత తోడికోడలు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది. పొద్దున లేస్తే ఏదో ఒకదానికి ఇద్దరికీ పడదు. క్లాసులో సగంసేపు కునికిపాట్లు పడే మనిషి. ఇక దీనివల్ల ఏమవుతుందిలే అనుకుంది పెద్దకోడలు.

చిన్నకోడలు ఎదురుగా కూర్చుని కళ్లార్పకుండా చూసింది.

"ఎప్పట్నుంచి అక్కా?"

"పోయిన నెల నుంచి."

"ముందు నమస్కారం పెట్టాలి, పేరడగాలి. మార్కులు పోతాయి," అంది నర్సమ్మ.

"పోనీండి మేడం. మా అక్కకి నటించడం రాదు. నా వంట బాగుందని మాటవరసకి ఒక్క అబద్ధం ఆడమంటే ఇన్నేళ్లలో ఆడింది కాదు. అలాంటిది ఇప్పుడు ఏడుస్తోంది."

పెద్దకోడలు తల వంచుకుంది.

"ఉప్పెక్కువైందని పొద్దస్తమానం నా బుర్ర తింటావు కదా! ఇది చెప్పడానికి నోరు రాలేదా? ఇంతమందిని పోగేసి, కుర్చీ వేయించుకుని చెబుతావా?"

"నువ్వు అడిగావా?" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు అడగలేదు మరి. లేచి అక్క చెప్పులు కాళ్ల దగ్గరికి జరిపింది.

"ఇప్పుడు అడుగుతున్నాగా. లే. డాక్టరమ్మ ముందు గదిలోనే ఉంది."

నర్సమ్మ మారుమాట లేకుండా వెళ్లి తలుపు తీసి పట్టుకుంది. చిన్నకోడలు అక్క చెయ్యి పట్టుకుని వరండాలో పరుగులాంటి నడక మొదలుపెట్టింది.

"మెల్లగా నడువు, ఏం కొంప మునిగిందని!" అని విసుక్కుంది పెద్దకోడలు. చెయ్యి మాత్రం వదల్లేదు.