వంతెన దాటగానే చెప్పండి

మావాడు లిఫ్టులు బాగుచేస్తాడు. వాడి ప్రయాణాలన్నీ పైకీ కిందికీ. పక్క ఊరికి వెళ్దామన్నా సవాలక్ష వంకలు చెప్పే మనిషి. అలాంటివాడు ఏరికోరి ఎవర్ని ఇష్టపడ్డాడయ్యా అంటే, ఇంట్లో కాలు నిలవని పిల్లని. కళ్లద్దాల షాపులో పని చేస్తుంది. సెలవు దొరికితే చాలు, ఏదో ఒక బస్సెక్కి ఎటో వెళ్లిపోతుంది, అదీ ఒక్కతే. మా ఆయన ఆ అమ్మాయికి బస్సు పిల్ల అని పేరు పెట్టి, తన బాధ్యత అక్కడితో తీరిపోయినట్టు పేపరు చాటుకు వెళ్లిపోయారు. ఇక మంచీ చెడ్డా చూసే పని ఎవరి నెత్తిన పడుతుంది? మా ఇంట్లో బరువులు మోసే నెత్తి ఒక్కటే ఉంది.

మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఆ పిల్లని తల నుంచి కాళ్ల దాకా చూశాను. తప్పు పట్టకండి, మాది లాండ్రీ. పొద్దస్తమానం కౌంటరు దగ్గర నిలబడి ఊరందరి బట్టలూ విప్పి చూసేదాన్ని, మనిషిని చూడమంటే ముందు చొక్కానే చూస్తాను. ఆకుపచ్చ చొక్కా, దాని మీద పసుపు పిట్టలు. మోకాళ్ల దాకా నీలం కోటు. చెవులకు ఒక పోగు గుండ్రంది, ఒకటి పలకలది. ఇంత హంగామాలోనూ ఇస్త్రీ మాత్రం ఎక్కడా నలగలేదు, కాలరు అంచు కత్తిలా ఉంది. వంక పెట్టడానికి వీల్లేకపోయేసరికి నాకు ఇంకా చిరాకేసింది.

"ఒక్కదానివే వెళ్లి అక్కడ ఏం చేస్తావమ్మా?" అని అడిగాను.

"చెప్తే మీకు విసుగొస్తుంది అత్తయ్యా. ఆదివారం నాతో రండి, మీరే చూద్దురుగాని," అంది.

అప్పుడే అత్తయ్యనట. ఎవరు చెప్పారో. కాదందామని నోరు తెరిచేలోగా మావాడు నావైపు చూసిన చూపుకు నోరు మూతపడింది. వాడిది మొదటినుంచీ ఒకటే మాట. "నువ్వు ఊ అంటేనే పెళ్లమ్మా. నీకు ఇష్టం లేకుండా నేను ముందుకెళ్లను." సరే, ఆదివారం సాయంత్రం చెప్తానన్నాను. నిజం చెప్పొద్దూ, వద్దనే మాట నాలుక చివర సిద్ధంగా పెట్టుకునే బయల్దేరాను. ఇల్లు పట్టని పిల్ల ఇంకో ఇంట్లో ఏం కుదురుకుంటుంది?

ఆదివారం పొద్దున్నే బస్టాండుకు వెళ్లేసరికి ఆ పిల్ల ముందే వచ్చి రెండు సీట్లు ఆపి ఉంచింది. ఈసారి ఆవపిండి రంగు ప్యాంటు, తెల్ల చొక్కా, మెడలో ఎర్ర స్కార్ఫు, మళ్లీ అదే నీలం కోటు. వెళ్తున్నది ఏటి ఒడ్డున ఉన్న పాత ఊరికట. నీళ్ల పక్కన నిలబడితే ఎరుపు బాగా పడుతుందట ఫొటోలో.

"ప్రయాణానికి ఇంత ముస్తాబెందుకు? అక్కడ నిన్ను చూసేదెవరు?" అన్నాను.

"నేను చూసుకుంటాను కదా అత్తయ్యా," అంది, అదేదో మామూలు సంగతైనట్టు. తర్వాత నా కాళ్ల వైపు చూసి, సంచిలోంచి మెత్తటి బూట్లు తీసింది. మావాణ్ని అడిగి నా సైజు తెచ్చిందట. నా చెప్పులకేం రోగమని బూట్లు పక్కకు నెట్టేశాను. ఆ పిల్ల వాటిని మళ్లీ సంచిలో పెట్టుకుంది.

బస్సు కదిలింది. ఇక కబుర్లు చెప్తుంది, కాకా పడుతుంది అనుకున్నాను. కోటు లోపలి జేబులోంచి పుస్తకం తీసింది. పుస్తకమంటే పుస్తకం కాదు, సగం పుస్తకం. మధ్యకి నిలువునా కోసి, అట్టముక్క అతికించి ఉంది. నాకు ఒళ్లు జలదరించింది.

"పుస్తకాన్ని కోస్తావా? చేతులెలా వచ్చాయి నీకు?"

"లావు నవల అత్తయ్యా, జేబులో పట్టదు. ఇంటికెళ్లాక మళ్లీ కలిపి కుట్టేస్తాను. మొదటి సగం పోయిన ప్రయాణంలో అయిపోయింది. ఇదిగో, మీకు కావాలంటే," అని రెండో జేబులోంచి ఇంకో ముక్క తీసి నా ఒళ్లో పెట్టింది. "నేను చదువుతూ కూర్చుంటే లోకం తెలీదు. మీరు కాస్త కిటికీలోంచి చూస్తుండండి. పెద్ద వంతెన వస్తుంది. వంతెన దాటగానే చెప్పండి, అక్కడే దిగాలి."

కాబోయే అత్తగారిని కిటికీ దగ్గర కాపలా పెట్టి పుస్తకంలో తల దూర్చిన పిల్లని నేను ఇదే చూడ్డం. కాసేపు కిటికీలోంచి బయటికి చూశాను. చెట్లు, గోడలు, మళ్లీ చెట్లు. ఏం తోచక ఒళ్లో ఉన్న ముక్క తెరిచాను. నేను పుస్తకం చదివి ఏళ్లయింది. నేను రోజూ చదివేవి బట్టలకు కట్టే చీటీలు. ఇదేదో కొండ మీద హోటల్లో హత్య. వంటమనిషి మీద అందరికీ అనుమానం. పాపం ఆవిడ చేసి ఉండదని నాకు మొదటి పేజీల్లోనే తెలిసిపోయింది. ఆ మేనేజరు వాలకమే బాలేదు. ఒకటో పేజీ తిప్పాను, రెండో పేజీ తిప్పాను, తర్వాత లెక్క తెలీలేదు. పోలీసాయన మేడ మీద గది తలుపు తోశాడు, లోపల... అంతే. అక్కడ కోసేసింది మహాతల్లి.

"లోపల ఎవరున్నారు?" అని ఆ పిల్ల మోచెయ్యి పట్టి కుదిపాను.

ఆ పిల్ల తలెత్తేలోపు బస్సే ఆగింది. "ఆఖరి స్టాపు, దిగండి," అన్నాడు కండక్టరు.

"అదేంటి, వంతెన?" అన్నాను.

"వంతెన దాటి గంట దాటిందమ్మా. తిరుగు బస్సు ఇక సాయంత్రమే."

నా మొహంలో నెత్తుటి చుక్క లేదు. మా ఇంట్లో ఇలాంటి పొరపాటు జరిగితే మా ఆయన ఆరు నెలల పాటు వచ్చినవాళ్లందరికీ వర్ణించి వర్ణించి చెప్తారు. ఒకసారి గొడుగు మర్చిపోయినందుకు నన్ను ఇప్పటికీ గొడుగని పిలుస్తారు. పైగా చూస్తుండమని ఒప్పజెప్పిన పని. ఏమంటుందోనని ఆ పిల్ల వైపు చూశాను. తను కిటికీలోంచి తల బయటికి పెట్టి ఆ ఊరి వీధి చివరిదాకా చూసింది. మొహం విప్పారిపోయింది.

"నేనిక్కడికి ఎప్పుడూ రాలేదు," అంది. "భలే చోటుకి తీసుకొచ్చారు అత్తయ్యా. దిగండి, దిగండి."

వెటకారమేమోనని మళ్లీ మళ్లీ చూశాను. కాదు. నిజంగానే సంబరపడుతోంది.

దిగాక నాలుగు వీధులు నడిచేసరికి నా చెప్పులు నా పరువు తీశాయి. మడమ మీద బొబ్బ లేచింది. గట్టు మీద కూర్చుని, అటు తిరిగి, "ఏవీ ఆ బూట్లు," అన్నాను. ఇచ్చింది. చెప్పానా అత్తయ్యా అని ఒక్క ముక్క అనలేదు. ఆ మాట అనకుండా ఊరుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, నేనైతే కచ్చితంగా అనేదాన్ని.

వీధి చివర కాలవ. కాలవ ఒడ్డున బట్టలకు రంగులద్దే వాళ్ల షెడ్లు. ఎత్తైన కర్రల మీద తానులు తానులుగా తడి గుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఒక వరస పసుపు, ఒక వరస దానిమ్మ ఎరుపు, ఒక వరస చెప్పలేని నీలం. గాలికి అన్నీ ఒకేసారి లేస్తున్నాయి. నా బతుకంతా రంగు దిగిపోతుందేమోనన్న భయంతోనే గడిచింది. తెల్ల దానికి ఎర్రది అంటుకుంటే ఆ రోజు మా కౌంటరు దగ్గర యుద్ధమే. రంగు ఎక్కడ పుడుతుందో, గుడ్డకి ఎలా ఎక్కిస్తారో ఎప్పుడూ చూడలేదు. నా కాళ్లు వాటంతట అవే లోపలికి నడిచాయి.

అక్కడ మోచేతుల దాకా నీలంగా ఉన్న ఒకావిడ తొట్టిలో గుడ్డ తిప్పుతోంది. ఈ నీలం ఉతుకులకు నిలుస్తుందా అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నువ్వేం చేస్తుంటావమ్మా అంది. లాండ్రీ అన్నాను. అంతే, ఇద్దరం మొదలుపెట్టాం. ఆవిడ మా లాండ్రీల వాళ్లని తిట్టింది, వేడినీళ్లు పోసి రంగు చంపేస్తామని. నేను అద్దకం వాళ్లని తిట్టాను, సరిగ్గా ఎక్కించకుండా అమ్మేస్తారని. తిట్టుకున్నాక టీ తాగాం. ఆవిడ నా చేత ఒక చిన్న గుడ్డ ముంచి తీయించింది. తొట్టిలోంచి తీసినప్పుడు ఆకుపచ్చగా ఉన్న గుడ్డ, గాలి తగిలేకొద్దీ నా చేతుల్లోనే నీలంగా మారిపోయింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఎందుకో అడక్కండి, సంతోషం వేసింది, అంతే.

ఎంతసేపు ఉన్నానో తెలీదు. తల తిప్పి చూస్తే ఆ పిల్ల గోడ మీద కాళ్లు వేలాడేసుకుని, ఎర్ర స్కార్ఫు గాలికి ఎగురుతుంటే, తన సగం పుస్తకం చదువుకుంటోంది. నన్ను ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

తిరుగు బస్సులో నా మనసు తేలికగా ఉంది. ఆ పిల్ల రెండో సగం నాకిచ్చేసి, తను ఫొటోలు చూసుకుంటోంది. నలిగిన ప్యాంటు అంచుకి నీలం మరక. ఎలా పోగొట్టాలో చెప్పాను. ఉండనివ్వండి అత్తయ్యా, బాగుంది అంది. ఇంతేనా ఈ పిల్ల చేసేది అనిపించింది నాకు. చక్కగా తయారవుతుంది, కొత్త చోటు చూస్తుంది, నాలుగు పేజీలు చదువుకుంటుంది, ఇంటికొస్తుంది. దీనికా నేను ఇంత హైరానా పడ్డది? మనసులో ఊ అనేసుకున్నాను. అనేసుకుని, పెద్దమనసుతో ఆ పిల్ల చెయ్యి తట్టి, "పోనీలే, ఇప్పుడు తిరిగినంత తిరుగు. పెళ్లయ్యాక ఇవన్నీ ఎలాగూ తగ్గుతాయిలే," అన్నాను.

ఆ పిల్ల ఫోను పక్కన పెట్టింది.

"ఎందుకు తగ్గుతాయి అత్తయ్యా?"

"సంసారమన్నాక తగ్గవా? అందరికీ తగ్గుతాయి."

నావైపు తిరిగి కూర్చుంది. తర్వాత, "ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి," అంది. "ఈ సాయంత్రం మీరు ఏదో ఒకటి తేల్చి చెప్తారని మీ అబ్బాయి చెప్పాడు. నేనూ ఇవాళ తేల్చుకుందామనే మిమ్మల్ని రమ్మన్నాను."

"నువ్వు తేల్చుకునేదేముంది?"

"మీ అబ్బాయంటే నాకు ప్రాణం. తను నాతో రాడు, అయినా నాకేం బాధ లేదు. వచ్చాక కూర్చోబెట్టి అన్నీ అడుగుతాడు. అలా వినే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. కానీ వెళ్లే ముందు అందరి మొహాలూ చూసి, వచ్చాక అందరి మొహాలూ చూసి, దొంగలా తిరగడం నావల్ల కాదు. తగ్గించుకోవాల్సిందే అయితే ఈ పెళ్లి వద్దని నేనే చెప్పేస్తాను. చెప్పడానికి నోరు రాదు. అయినా చెప్తాను." కళ్ల నిండా నీళ్లు. తుడుచుకోలేదు కూడా.

నాకు ఒళ్లు మండిపోయింది. వద్దనడానికి నేను బయల్దేరితే, నన్ను వద్దనడానికి ఈ పిల్ల బయల్దేరిందా? ఎంత ధైర్యం. పుస్తకం తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఒక్క అక్షరం కనబడితే ఒట్టు. మొన్న రాత్రి అన్నం ముందు కూర్చుని, "నువ్వేమంటావో అని భయంగా ఉందమ్మా" అన్న మావాడి మొహమే కనబడుతోంది.

కోపం కాస్త దిగాక ఇంకోటి కనబడింది. పెళ్లయ్యాక నేను ఊరు దాటిందల్లా పెళ్లిళ్లకీ ఆస్పత్రులకీ. ఒక్క చోటూ నేను ఎంచుకున్నది కాదు. వద్దని ఎవరన్నారు? మా ఆయన అనలేదు, ఆయనకు పేపరుంటే చాలు. మా అత్తగారు కూడా అనలేదు. ఒక ఏడు పిల్లాడన్నాను, ఒక ఏడు షాపన్నాను, తర్వాత ఏదీ అనడం కూడా మానేశాను. ఇవాళ ఒక తొట్టిలో చెయ్యి పెడితే ఏడుపొచ్చిందంటే మరి రాదూ?

బస్సు మా స్టాపులో ఆగింది. మావాడు అక్కడే పచార్లు చేస్తున్నాడు. దిగామో లేదో ఎదురొచ్చాడు. నా కాళ్లకున్న బూట్లు చూశాడు, ఆ పిల్ల ఎర్రబడ్డ కళ్లు చూశాడు, వాడి మొహం పాలిపోయింది.

"ఏమైందమ్మా? ఏమంటావు?" అన్నాడు.

"నన్నడుగుతావేంటి. నాకు ఇష్టమే. మన ఇల్లు తనకి నచ్చుతుందో లేదో ఆ పిల్లని అడుగు."

వాడు బిత్తరపోయి ఆ పిల్ల వైపు తిరిగాడు. ఆ పిల్ల వాణ్ని చూడటం లేదు, నన్నే చూస్తోంది.

"తగ్గుతాయన్నారుగా అత్తయ్యా," అంది మెల్లగా.

"అన్నాను. తగ్గించుకున్నదాన్ని నేను. అందరూ అలాగే చేస్తారనుకున్నాను." ఒక అడుగు దగ్గరికి జరిగాను. "నువ్వు తగ్గించకు. ఎవరైనా మొహం ముడిస్తే నాకు చెప్పు. ఆ ముడిచింది నేనే అయితే, అప్పుడూ నాకే చెప్పు."

దిగినవాళ్లంతా ఎవరిదారిన వాళ్లు వెళ్లిపోయారు. బస్సు వెళ్లిపోయింది. మావాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఇంతకాలం కౌంటరు వెనక నిలబడి అందర్నీ రేపు రా, మాపు రా అని తిప్పినదాన్ని, ఆ రోడ్డు పక్కన ఒక చిన్నపిల్ల నోటి మాట కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల మావాడి చెయ్యి పట్టుకుని "సరే" అనేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.